ఏపీ మీద టీజీ రాసిన బండిని

నేను 2006 నాటి స్ప్లెండర్‌ని, నల్లగొండ బండిని. ఏపీ 24 నాది. ఇప్పుడు సైబర్ టవర్స్ నుంచి గచ్చిబౌలి దాకా బిర్యానీ పార్శిళ్లు మోస్తున్నా. నన్ను నడిపేవాడు ఒకప్పుడు ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చదివాడు.

తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి 2009 డిసెంబరు 3న కాలిన గాయాలతో చనిపోయాడు. ఆ వారంలోనే మావాడు హాస్టల్ ముందు నాకు సైడ్‌స్టాండ్ వేసి, ‘ఏపీ’ మీద తెల్లరంగు పూసి, నల్లరంగుతో ‘టీజీ’ రాశాడు. చెయ్యి వణికి ‘జీ’ కిందికి జారింది. ఆ వంకర అక్షరం చూసుకుని ఎంత పొంగిపోయాడో! నీళ్లు, నిధులు, నియామకాలు అన్న ఉద్యమపు మూడు మాటల్లో వాడికి మూడోదే ప్రాణం. ఊళ్లో ఉన్నది బోరు ఎండిన రెండెకరాల చెలక.

2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు గల్లీలు తిరిగి తిరిగి ట్యాంక్‌బండ్ చేరాం. జనం విగ్రహాల మీద పడ్డారు. శ్రీశ్రీ కూలాడు, జాషువా కూలాడు. వాళ్లను చదివే మావాడు ఉద్యమంలోకి వచ్చింది. “ఆళ్లేం జేసిన్రు మనల్ని?” అని దోస్తును అడిగాడు. “ఇయ్యాల గిట్ల మాట్లాడొద్దు” అన్నాడు వాడు. తిరిగొచ్చేటప్పుడు మావాడి నోట ఒక్క నినాదం లేదు. అయినా సకల జనుల సమ్మె 42 రోజులూ అప్పుచేసి నా ట్యాంకు నింపాడు. నమ్మకం ఒక్క దెబ్బకు పోదు. చైను వదులై వదులై ఓ రోజు పళ్ల మీంచి జారినట్టు జారిపోతుంది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బండ్ల మీద అక్షరాలు ‘టీఎస్’ అన్నారు, అది చిన్న సంగతి. 2017 ఫిబ్రవరి 22న నిరుద్యోగుల ర్యాలీ ఉందనగా, ఉద్యమంలో జేఏసీని నడిపిన కోదండరామ్‌ను తెల్లవారకముందే పోలీసులు ఇంటి నుంచి పట్టుకెళ్లారు. ఆ ఏడాదే ఇందిరాపార్కు ధర్నాచౌక్ మూశారు. ధర్నాలు చేసి తెచ్చుకున్న రాష్ట్రంలో ధర్నాకు జాగా లేదంటే మావాడు తట్టుకోలేకపోయాడు. మీటింగులకు పోవడం మానేశాడు.

రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది 2022 ఏప్రిల్‌లో. పోస్టులు 503, దరఖాస్తులు 3.8 లక్షలు. పగలు డెలివరీ, రాత్రి చదువు. అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకైందని రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే దాన్ని హైకోర్టు కొట్టేసింది. మావాడు పుస్తకాలు అమ్మేశాడు. వాణ్ణి అమాయకుడంటే నేనొప్పుకోను. వాడు అడిగింది న్యాయం. అవసరం తీరాక ఆ గొంతును పక్కకు నెట్టారు.

2024 మార్చిలో ‘టీజీ’ సర్కారు అక్షరమే అయింది. మైండ్‌స్పేస్ సిగ్నల్ దగ్గర ఓ డెలివరీ కుర్రాడు నా ప్లేటు చూసి, “అన్నా, నీకు ముందే వచ్చింది గదా!” అన్నాడు. “సచ్చిపోయినోళ్లు అక్షరం అడగలే తమ్మీ, కొలువడిగిన్రు” అన్నాడు మావాడు.

2025 ఉగాదినాడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు నరకడానికి బుల్డోజర్లు దిగాయి. అడ్డుకున్న హెచ్‌సీయూ విద్యార్థులను పోలీసులు వ్యాన్లు ఎక్కిస్తున్నారని తెలిసి మావాడు ఆర్డర్లు ఆపేశాడు. డెలివరీ బ్యాగు నిండా నీళ్ల సీసాలు పెట్టుకుని గేటు దగ్గరికి నన్ను తోలాడు. “మీదే సంఘమన్నా?” అని ఓ అమ్మాయి అడిగింది.

“ఏదీ లేదమ్మా. ఈ నరుకుడు ఆగేదాంక వస్త.”

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించేదాకా రోజూ వెళ్లాం. ఆ వారం చేతిలో ఉన్న డబ్బు పెట్రోలుకే పోయింది.