పది తర్వాత పదకొండు

మా మేనల్లుడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చేరిన కొత్తలో వాళ్ల మేనేజరు వీడి ప్రజెంటేషన్ చూసి, ‘బాగుందిగానీ దీన్ని ఎలెవెన్ దాకా తీసుకెళ్లు’ అన్నాడట. వీడి దగ్గరున్నవి పది స్లైడ్లు. రాత్రంతా కూర్చుని పదకొండోది తయారుచేశాడు: నీలాకాశం, మధ్యలో ‘థాంక్యూ’. మర్నాడు మేనేజరు పడీపడీ నవ్వాడట. ‘ఏంటి మావయ్యా ఇది?’ అని ఫోన్ చేశాడు. కూటికీ గుడ్డకీ పనికిరాని సంగతులు ఎవరైనా అడిగితే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది.

హద్దు దాటించమనడానికి ఇంగ్లిషువాళ్లు వాడే ఈ మాట 1984లో ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’ అనే సినిమాలో పుట్టింది. స్పైనల్ ట్యాప్ ఒక బ్రిటిష్ రాక్ బ్యాండ్, అదీ ఉత్తుత్తిది. దాని మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టుగా సినిమా తీసిన రాబ్ రైనర్, అందులో ఆ డాక్యుమెంటరీ దర్శకుడి వేషం కూడా తనే కట్టాడు. క్రిస్టఫర్ గెస్ట్ వేసిన గిటారిస్టు పాత్ర పేరు నైజెల్ టఫ్నెల్. తన సామాన్లన్నీ చూపిస్తూ వచ్చి ఒక మార్షల్ ఆంప్లిఫయర్ దగ్గర ఆగుతాడు. లోకంలో అందరి నాబ్‌లూ పది దాకానే తిరుగుతాయి, ఇతగాడివి మాత్రం పదకొండు. అందరూ పది దగ్గర చతికిలబడ్డాక మేం ఇంకో మెట్టెక్కుతాం అని మురిసిపోతాడు. ‘అలాంటప్పుడు ఆ పదినే ఇంకాస్త గట్టిగా మోగేలా చేసుకోవచ్చుగా?’ అంటాడు రైనర్. నైజెల్ నోట మాట రాదు. కాసేపు బుర్రలో ఏదో తిరుగుతుంది. చివరికి, ఇవి పదకొండు దాకా వెళ్తాయండీ అని మళ్లీ మొదటికే వస్తాడు. ఆ మౌనం కోసమే ఆ సినిమా చూడాలి.

అసలు నాబ్ మీది అంకె దేనికీ కొలత కాదు. వాట్లూ కాదు, డెసిబెల్సూ కాదు. ఎంత తిప్పావో గుర్తుండడానికి పెట్టిన గీత, అంతే. మన చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ పెరగాలి. అందుకు ఆంప్లిఫయర్ పదింతల పవర్ ఇవ్వాలి. పెయింటుతో ఇంకో అంకె రాసినంత మాత్రాన అది ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా 1950ల్లోనే ఫెండర్ కంపెనీ ఆంప్లిఫయర్లు కొన్నిటి మీద పన్నెండు దాకా అంకెలుండేవి. పాపం, నైజెల్ గొప్పకి అక్కడే ఒకటి తగ్గింది.

వెక్కిరింపుకి పుట్టిన అంకెని లోకం నెత్తిన పెట్టుకుంది. 2002లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఒకటి దాన్ని చేర్చుకుంది. బీబీసీ ఐప్లేయర్‌లో, టెస్లా కారులో వాల్యూమ్ పదకొండు దాకా పోతుంది. మార్షల్ కంపెనీ ఇంకా ఘనం. 1990లో నిజంగానే ఇరవై దాకా అంకెలున్న ఆంప్లిఫయర్ తెచ్చి, ప్రకటనకి ఆ నైజెల్ వేషంలోనే గెస్ట్‌ని పిలిచింది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘నూటికి నూరుపాళ్లు’ అంటే చాలినంత గట్టి మాట ఒకప్పుడు. ఇప్పుడు ప్రీ రిలీజ్ ఈవెంట్లో హీరో నూటపది శాతం కష్టపడతాడు, నిర్మాత రెండొందల శాతం నమ్మకంగా ఉంటాడు. సినిమా చూసొచ్చి ‘బాగుంది’ అన్నామా, ‘ఏం, నచ్చలేదా?’ అంటారు.

వంద దాటే సరదా మన నూటపదహార్లలోనూ ఉంది కదా అనొచ్చు. దానికో లెక్కుంది. నిజాం హాలీ సిక్కాలు ఏడు ఇస్తే బ్రిటిష్ రూపాయలు ఆరు వచ్చేవి. అంటే బ్రిటిష్ వందకి హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు. నూటపదహార్ల ఆచారం అక్కణ్నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. అదే నిజమైతే పై పదహారూ దర్జా కాదు, మారకం తేడా. పురోహితుడికి ముట్టేది అచ్చంగా వందే. అదీ పూర్తిగా కాదు, ఆ పది అణాల ఎనిమిది పైసల సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక మా వీధి చివర షామియానా కింద వాయించే డీజే అబ్బాయికి ఒక మనవి. బాబూ, నీ మిక్సర్ మీద ఎర్ర లైట్లు వెలిగాక పెరిగేది పాట కాదు, గరగర. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. వాటి ప్రకారం ఇళ్లున్నచోట రాత్రిపూట హద్దు 45 డెసిబెల్స్. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన కొద్ది రోజులు తప్పిస్తే, రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. నీ నాబ్ మీద ఎన్ని అంకెలైనా రాసుకో, నాకేం అభ్యంతరం లేదు. గడియారంలో మాత్రం దయచేసి పదికే ఆపు.