జాకీ ఎత్తుతుంది, మోయదు

సొంత కారుకు చిన్నాచితకా పనులు ఇంటి దగ్గరే చేసుకోవడం మంచి అలవాటు. ఇంజిన్ ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూసుకోవడం, ముందు టైర్లు వెనక్కి వేసుకోవడం నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది, బండి ఏ స్థితిలో ఉందో మనకే తెలుస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకు మెకానిక్ కూలి గంటల లెక్కన పడుతుంది కాబట్టి గరాజ్‌లోనే ఈ పనులకు దిగుతారు. హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్ల సెల్లార్లలో ఆదివారం పూట బానెట్ ఎత్తిన కారు ఒక్కటైనా కనిపిస్తుంది.

బండికి జాకీ తగిలించగానే చుట్టూ చేరినవాళ్లు సలహాలు మొదలుపెడతారు. చెప్పేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. వాళ్లు ఎన్నోసార్లు అలాగే చేశారు, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే ఆ పద్ధతి సరైనదని నమ్ముతున్నారు. కానీ ఏమీ కాకపోవడం వేరు, పద్ధతి సరిగ్గా ఉండటం వేరు. తరచూ వినిపించే ఆ సలహాలు, వాటిలోని తప్పు, వాటి బదులు చేయవలసింది ఇక్కడ చెబుతున్నాను.

“ఐదు నిమిషాల పనికి స్టాండ్లెందుకు బావా?”

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. డిక్కీలో స్టెప్నీ పక్కన కంపెనీవాళ్లు పెట్టే జాకీ టైరు మార్చడానికి మాత్రమే. బండితో వచ్చే మాన్యువల్‌లో కూడా జాకీ మీద ఉన్న కారు కిందికి వెళ్లవద్దనే రాసి ఉంటుంది. ఆ కత్తెర జాకీ పాదం అరచేయంత ఉంటుంది. బరువంతా ఒక్క మర మీద ఆధారపడుతుంది. నిట్టనిలువుగా దిగే బరువును అది తట్టుకుంటుంది కానీ పక్క నుంచి తోపు వస్తే ఒరిగిపోతుంది. బిగిసిపోయిన నట్టు మీద స్పానర్ వేసి బలంగా లాగినా, డోరు గట్టిగా వేసినా ఆ తోపు వస్తుంది.

ఆల్టో లాంటి చిన్న కారు కూడా ఏడు వందల కిలోలు దాటుతుంది. అందులో ఒక్క మూల బరువు ఛాతీ మీద పడితే చాలు, ఎముకలు విరగకపోయినా ఊపిరి ఆడదు. మెదడుకు నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే నష్టం మొదలవుతుంది. 108 అంబులెన్స్ ఎంత వేగంగా వచ్చినా అంతలోపు చేరుకోవడం కష్టం. పని ఎంతసేపన్నది లెక్క కాదు, ఆ కాసేపూ బరువు దేని మీద ఉందన్నదే లెక్క. తల గానీ, చెయ్యి గానీ, కాలు గానీ కారు కిందికి పోవాల్సిన పనైతే, ఎత్తిన బండి బరువు మోసే జాకీ స్టాండ్లు ఉండి తీరాలి.

“హైడ్రాలిక్ జాకీ కొన్నాం, ఇక భయం లేదు”

హైడ్రాలిక్ జాకీ ఎత్తడంలో హాయి. మోయడంలో మాత్రం నమ్మదగింది కాదు. లోపల బరువును ఆపుతున్నది నూనె, ఆ నూనెను ఆపుతున్నది ఒక రబ్బరు సీలు. సీలు అరిగినా, విడుదల వాల్వు దగ్గర చిన్న మట్టి రేణువు ఇరుక్కున్నా బండి మెల్లగా దిగుతుంది. సీలు ఒక్కసారిగా తెగితే మెల్లగా కూడా కాదు. రెండు టన్నులు, మూడు టన్నులు అని జాకీ మీద రాసి ఉండేది అది ఎత్తగల బరువు. ఎంతసేపు పట్టుకుని ఉంటుందన్న హామీ అందులో లేదు.

చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ, అంటే ట్రాలీ జాకీ విషయంలో ఇంకొకటి గమనించాలి. దాని చెయ్యి పైకి లేచేటప్పుడు వంపుగా తిరుగుతుంది. అందుకే బండి లేస్తున్న కొద్దీ జాకీ తన చక్రాల మీద కాస్త ముందుకు జరగాలి. గరుకు నేల మీదో, చక్రానికి చిన్న గులకరాయి అడ్డుపడో అది జరగలేకపోతే, పైనున్న గిన్నె బండి అడుగున ఒరుసుకుంటూ పక్కకు జారుతుంది. జాకీ పెట్టే ముందు ఆ చోటు శుభ్రంగా ఊడ్చాలి.

“స్టాండ్లు లేకపోతే ఇటుకలు పెట్టు”

ఇటుకలు గోడలో బరువు మోస్తాయి. అక్కడ బరువు ఇటుక మొత్తం మీద సమంగా పడుతుంది. కారు కింద పెడితే సన్నటి ఇనుప అంచు ఒక్క గీత మీద నొక్కుతుంది. ఇటుక గానీ, బోలు సిమెంటు దిమ్మె గానీ వంగదు, మూలగదు, చెప్పకుండా పగిలిపోతుంది. దొంతరగా పేర్చిన చెక్క ముక్కలు ఒకదాని మీది నుంచి ఒకటి జారతాయి. వీటి మీద ప్రాణం పెట్టకూడదు.

జాకీ స్టాండ్లు ఎప్పుడూ జంటగా కొనాలి. వాటి మీద రాసిన టన్నుల అంకె ఒక్కోదానికా, రెంటికీ కలిపా అన్నది లేబుల్‌లో చదవాలి. రెంటికీ కలిపి రాసేవాళ్లూ ఉన్నారు. కొత్తవి కదా అని చూడకుండా వాడవద్దు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ లక్షల సంఖ్యలో జాకీ స్టాండ్లను వెనక్కి తీసుకుంది. స్టాండు ఎత్తును పట్టి ఉంచే పళ్లు సరిగ్గా పట్టుకోక, బరువు మీద ఉండగానే స్టాండు దిగిపోయే ప్రమాదం ఉందని తేలింది. వాటికి బదులుగా ఇచ్చిన స్టాండ్లలోనూ కొన్నింటికి వెల్డింగ్ లోపం బయటపడి, అదే ఏడాది వాటినీ వెనక్కి పిలిచారు. కాబట్టి వాడే ప్రతిసారీ వెల్డింగ్ చూడండి. పళ్లు పూర్తిగా కూర్చున్నాయో లేదో చేత్తో కదిపి చూడండి. అడ్డంగా పిన్ను దూర్చే స్టాండు దొరికితే ఇంకా మంచిది.

“గేర్లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగాగా బాబాయ్, ఎక్కడికి పోతుంది?”

వినడానికి తెలివైన మాటలా ఉంటుంది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పనిచేస్తుంది. వెనక రెండు చక్రాలూ గాల్లోకి లేపితే అది పట్టుకున్నవి గాల్లోనే ఉంటాయి, హ్యాండ్‌బ్రేక్ బండిని ఆపలేదు. గేరు సంగతి ఇంకో రకం. మన చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. ముందు చక్రం ఒక్కటి లేపామంటే డిఫరెన్షియల్ దాన్ని గాల్లో వెనక్కి తిప్పుతుంది, నేల మీదున్న రెండోది ముందుకు దొర్లుతుంది. గేరు పడే ఉంటుంది, బండి కదులుతుంది. ఆటోమేటిక్‌లో ‘పీ’లో పెట్టినా ఇదే కథ.

అందుకే ఇలాంటి కార్లలో ముందు భాగం లేపేటప్పుడు బండిని నిలిపేది హ్యాండ్‌బ్రేక్, వెనక భాగం లేపేటప్పుడు నిలిపేది గేరు. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో నడిచే బళ్లలో వెనక రెండు చక్రాలూ లేపితే రెండూ పనిచేయవు. ఈ లెక్కలన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే ఒక్కటి చేయండి. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్కలు వేయండి. ఘాట్ రోడ్డులో లారీ ఆగగానే క్లీనర్ దూకి చక్రం కింద చెక్క వేస్తాడు. డ్రైవరు బ్రేకు వేయలేదని కాదు, ఒక్క బ్రేకునే నమ్ముకోకూడదని అతనికి తెలుసు. గుండ్రటి రాయి వద్దు, దొర్లిపోతుంది. ఏటవాలుగా కోసిన గట్టి కర్ర గానీ, రబ్బరు అడ్డు గానీ వాడండి.

“ఎక్కడ గట్టిగా కనిపిస్తే అక్కడ జాకీ వెయ్యి”

పై నుంచి చూస్తే కారంతా ఇనుమే. కింద మాత్రం బరువు మోసే చోట్లు కొన్నే ఉంటాయి. ముందు చక్రం వెనకాల, వెనక చక్రం ముందు, డోర్ల కింది అంచు వెంట రెండు రేకులు కలిపి నొక్కిన చోట చిన్న గాట్లు ఉంటాయి. కత్తెర జాకీ తలలోని గాడి సరిగ్గా ఆ గాట్ల మధ్య కూర్చోవాలి. ట్రాలీ జాకీ అయితే గాడి ఉన్న రబ్బరు దిమ్మె పెట్టాలి. లేకపోతే అంచు మడత పడుతుంది.

ఇంజిన్ ఆయిల్ ఉండే సంపు మీద జాకీ వేస్తే అది పగులుతుంది. నేల రేకు మీద వేస్తే లోపలికి సొట్ట పోతుంది. వెనక రెండు చక్రాలను కలిపే దూలం గట్టిగా కనిపిస్తుంది కదా అని మాన్యువల్ ఒప్పుకోకుండా దాని నడుమ ఎత్తకూడదు. కరెంటు కార్లలో చాలావాటికి నేల పొడవునా బ్యాటరీ ఉంటుంది. జాకీ రెండు అంగుళాలు లోపలికి జరిగినా నష్టం బండి మరమ్మతుతో పోదు, నిప్పు దాకా వెళ్లవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పాత బళ్ల అంచులు లోలోపల తుప్పు పట్టి ఉంటాయి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. పెచ్చులు రాలితే ఆ బండిని ఇంటి దగ్గర ఎత్తవద్దు.

“నేల కాస్త వాలుగా ఉంటే ఏమైంది?”

సెల్లార్లోకి దిగే ర్యాంపు మీద, కాంపౌండు ముందున్న మట్టిలో, ఎండకు మెత్తబడిన తారు మీద జాకీ వేయకూడదు. వాలులో బరువు నిట్టనిలువుగా దిగదు. మట్టిలో జాకీ పాదం ఒక పక్కకు కూరుకుపోతుంది. చదునైన కాంక్రీటే దీనికి సరైన చోటు. రోడ్డు మీద పంక్చరై గత్యంతరం లేకపోతే, జాకీ పాదం కింద వెడల్పైన మందపాటి చెక్క పలక వేసి టైరు మాత్రం మార్చుకోండి. కిందికి దూరే పని ఏదీ అక్కడ వద్దు.

“ముందు లేపు, నట్ల సంగతి తర్వాత”

బిగిసిన నట్టు విప్పడానికి పెట్టే బలమంతా బండిని జాకీ మీది నుంచి తోసే బలమే. చక్రాలు నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. ఆ తర్వాత లేపండి. బిగించేటప్పుడు చక్రం గాల్లో ఉండగా చేతి బిగువు దాకా, దించాక ఎదురెదురు నట్ల వరుసలో గట్టిగా బిగించాలి. స్పానర్ మీద ఎక్కి తొక్కవద్దు. మరలు తెగుతాయి.

“స్టాండ్లు పెట్టేశావుగా, దూరిపో”

ఇంకా కాదు. జాకీని మెల్లగా దించి బరువు స్టాండ్ల మీదికి రానివ్వండి. తర్వాత బండి మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా ఊపండి. పడాల్సిన బండి అయితే మనం పక్కన నిలబడి ఉన్నప్పుడే పడాలి. కదలకపోతే జాకీని మళ్లీ బండికి ఆనేంత వరకు లేపి అక్కడే ఉంచండి. విప్పిన చక్రాన్ని డోరు కింది అంచు కింద పడుకోబెట్టండి. స్టాండు మోసం చేసినా చక్రం మందమంత ఖాళీ మిగులుతుంది.

“ఎవరూ అడ్డం రాకుండా ఒక్కడివే చేసుకో”

పిల్లల్ని దూరంగా ఉంచడం మంచిదే. బండిలో ఎవరూ కూర్చోకూడదు. కానీ పెద్దవాళ్లు ఒకరు కేక వేస్తే వినపడే దూరంలో ఉండాలి. జాకీ ఎలా కొట్టాలో వాళ్లకు ముందే చూపించండి. ఎవరైనా కింద ఇరుక్కుంటే చేతులు పట్టి లాగవద్దు. ముందు జాకీతో బరువు పైకెత్తాలి, అదే సమయంలో ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

పని వరుస

1. చదునైన కాంక్రీటు మీద బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్లో పెట్టండి.
2. నేల మీద ఉండబోయే చక్రాలకు రెండు వైపులా చెక్కలు వేయండి.
3. చక్రం విప్పే పనైతే నట్లు అర చుట్టు వదులు చేయండి.
4. మాన్యువల్‌లో చూపిన చోటే జాకీ తగిలించి, అవసరమైనంత ఎత్తే లేపండి.
5. మాన్యువల్ చెప్పిన చోట స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించండి.
6. ఊపి చూసి, జాకీని ఆనించి, విప్పిన చక్రాన్ని అంచు కింద పెట్టి, అప్పుడు పని మొదలుపెట్టండి.

అసలు జాకీ అక్కరలేని పనులు చాలా ఉన్నాయి. ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, బ్యాటరీ, కూలెంట్, వైపర్లు, బ్రేక్ ఆయిల్ మట్టం, ఇవన్నీ నిలబడి చూసుకునేవే. ముందు బ్రేక్ ప్యాడ్లను చాలా బళ్లలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి టార్చి లైటుతో చూడవచ్చు. ఇంజిన్ ఆయిల్‌ను డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో పైకి లాగేసే పద్ధతి కూడా ఉంది. ముందు వీటితో చేయి తిరగనివ్వండి.

మంచి స్టాండ్ల జత ధర మామూలుగా ఒక్కసారి సర్వీసింగ్ బిల్లును మించదు. అది కొనే వీలు లేకపోతే, గుంత ఉన్న మెకానిక్ షెడ్డుకు బండి తీసుకెళ్లండి. “ఇంత చిన్న పనికి షెడ్డుకా?” అని పక్కవాళ్లు నవ్వినా వెళ్లండి.