ఎర్రటి ప్లేటు మీద నాలుగు చన్నుల పాలు

పుట్టుపూర్వోత్తరాలు అడిగితే బ్లడ్ అగార్ ప్లేటు సముద్రపు నాచు దగ్గర మొదలుపెడుతుంది. ఆ నాచులోంచి తీసిన అగార్‌తో వంటింట్లో జెల్లీలు చేసేవారు. సూక్ష్మజీవుల్ని పెంచడానికీ అది పనికొస్తుందని 1881లో జర్మనీలో ఫానీ హెస్సే సూచించింది. 1887లో జూలియస్ పెట్రి మూత పెట్టిన గాజు పళ్లెం తయారుచేశాడు. ప్లేటు ఒంటి ఎరుపు మాత్రం గొర్రె రక్తానిది, నూటికి ఐదు పాళ్లు.

తన దగ్గరికి పాలు వచ్చేది పొదుగువాపు తగిలిన ఆవుల నుంచి. తనను నాలుగు భాగాలుగా గీసి, ఒక్కో చన్ను పాలు మిల్లీలీటరులో నూరోవంతు చొప్పున రాస్తారు. ఆపైన 37 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు.

స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి మొలిస్తే చాలాసార్లు పసిమి చుక్కల చుట్టూ రెండు వలయాలు కనిపిస్తాయి. లోపలిది తేటగా, బయటిది మసకగా ఉంటుంది.

తనకు బాగా ఇష్టమైన పరీక్ష 1944లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. దాన్ని కనిపెట్టినవారు క్రిస్టీ, అట్కిన్స్, మంచ్-పీటర్సన్. ముందు స్టెఫైలోకాకస్‌ను నిలువుగా గీస్తారు. అనుమానం ఉన్న మరో క్రిమి స్ట్రెప్టోకాకస్‌ను దానికి తగలకుండా అడ్డంగా గీస్తారు. మొదటిది విడిచిన విషం ఎర్ర కణాలను సగం దెబ్బతీస్తుంది. రెండోది స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అయితే, దాని ప్రొటీను మిగతా పని పూర్తిచేస్తుంది. రెండు గీతలూ దగ్గరపడే చోట రక్తం కరిగి, బాణం ములికిలా తేటగా తేలుతుంది. ఒక క్రిమి ఒంటరిగా చూపించలేని గుర్తును రెండూ కలిసి చూపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఆ ములికి అందం తగ్గదంటుంది ప్లేటు.

పేరు తెలిస్తే దారి తెలుస్తుంది. అగలాక్టియే సాధారణంగా పెన్సిలిన్‌కు లొంగుతుంది, మందలోంచి పూర్తిగా తరిమేయొచ్చు. ఆరియస్ పొదుగు కణజాలంలో దాక్కుని మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది, అందుకే ఆ ఆవును అందరికంటే చివర పితకాలి. ఈ.కోలై పేడ నుంచి వస్తుంది కాబట్టి పడక పొడిగా, శుభ్రంగా ఉంచాలి. ఇవేవీ తేలకముందే ఏదో ఒక ఇంజెక్షన్ పొడిచేస్తే మందు దండగ, ఆవుకు బాధ మిగులుతుంది.

ప్లేటు బెంగంతా మురికి శాంపిల్ గురించే. మూడు నాలుగు రకాల చుక్కలు కలగలిసి మొలిస్తే ఏది పొదుగులోదో, ఏది చేతిదో చెప్పలేదు. మందు వేయకముందే పాలు తీయాలి. చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, ఆ తర్వాతి పాలు శుభ్రమైన సీసాలో పట్టి ఐసులో పెట్టి పంపాలి.

ఆరియస్ పాలలోకి రోజూ ఒకేలా రాదు. ఒకసారి ఏమీ మొలవలేదని అది లేదనుకోవద్దని, కొద్ది రోజులాగి అదే చన్ను పాలు మళ్లీ పంపమని ప్లేటు అడుగుతుంది.