ఏమీ చేయలేదని సర్టిఫికెట్

ఒబామాగారి పెద్దమ్మాయి మాలియా 2016లో హైస్కూలు ముగించి, హార్వర్డ్‌లో సీటు ఖాయం చేసుకుని కూడా ఏడాది ఆగి 2017లో చేరింది. ఈలోగా బొలీవియా, పెరూ తిరిగొచ్చింది. అలా ఓ ఏడాది ఆగి రమ్మని హార్వర్డ్‌వాళ్లే పిల్లల్ని ప్రోత్సహిస్తారు.

మన దగ్గర ఇంటర్ తర్వాత ఏడాది ఆగడాన్ని లాంగ్ టర్మ్ అంటారు. అందులో బొలీవియా ఉండదు, బోటనీ ఉంటుంది.

మా అన్నయ్య కూతురు నీట్ కోసం అలాగే ఆగింది. ఆగిందన్న మాటేగానీ, హాస్టల్లో తెల్లారకుండానే స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, ఆ మార్కులు సాయంత్రానికల్లా వాళ్ల నాన్న ఫోన్లో. అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే వదిన "లాంగ్ టర్మ్" అనేది. అవతలివాళ్లు షుగరొచ్చిందని విన్నట్టు గొంతు తగ్గించి, "తగ్గిపోతుందిలెండి" అన్నంత పనిచేసేవారు.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌కైతే వరుసగా రెండేళ్లలో రెండే అవకాశాలు. ఆ పిల్లలు త్వరగా తేలిపోతారు. నీట్‌కి అలాంటి లెక్కేమీ లేదు, 2022లో గరిష్ఠ వయసు పరిమితి కూడా ఎత్తేశారు. ఆ సంగతి పేపర్లో చదివి మా అమ్మ, "అయితే నేనూ రాయొచ్చట్రా?" అంది. ఆవిడ చేతి గోంగూర పచ్చడే ఆ హాస్టల్లో సగంమందిని పోషించింది కాబట్టి, ఎవరూ నవ్వలేదు.

సెలవుకి ఇంటికొచ్చినా పిల్లది నీట్ పరీక్ష తీరే. "పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని వదిన అడిగితే నోరు విప్పదు. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. కచ్చితంగా తెలియనప్పుడు వదిలేయడమే మంచిదట.

మొత్తానికి సీటొచ్చింది. కాలేజీలో గుమాస్తా ఇంటర్ మెమో అటూ ఇటూ తిప్పి, "మధ్యలో ఏడాది ఏదండీ? గ్యాప్ సర్టిఫికెట్ తెండి" అన్నాడు.

నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద టైపు చేయించాం. సదరు కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు అని ఉంది. పిల్ల రెండుసార్లు చదివి నా వైపు తిరిగింది.

"బాబాయ్, నేను చదవలేదా?"

"కోచింగు చదువు కిందికి రాదమ్మా, సంతకం పెట్టు" అన్నారు నోటరీగారు.

అన్నయ్యకి రోషమొచ్చింది. సంచీలోంచి కోచింగు ఫీజు రశీదులు తీసి బల్లమీద పరిచాడు. నోటరీగారు వాటిని వేలితో వెనక్కి నెట్టి, "ఇవి మాత్రం జతచేయకండి సార్, చదివినట్టవుతుంది" అన్నారు.