ఎనిమిది రూపాయల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎనిమిది రూపాయల వారి సముఖానికి, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నాగేపల్లి నుంచి ఒక తాత రాసుకున్న విన్నపం.

విషయం: తమరు కాస్త ఒళ్లు చేయవలసిన అవసరం గురించి.

అయ్యా, ఈ లేఖ మంత్రిగారికే రాద్దామనుకున్నాను. మంత్రులు మారుతుంటారు, మా అంగన్‌వాడీని నిజంగా ఏలేది తమరే కదా అని తోచి ఇటు తిరిగాను. పిల్ల తిండికి రోజుకు ఎనిమిది రూపాయలని 2017 అక్టోబరులో తమరికి పట్టాభిషేకం జరిగింది. అంతకుముందు ఆరు రూపాయల వారు ఏలారు. తమరి పోషణ సగం ఢిల్లీది, సగం ముంబైది. అంటే మా మనవరాలి గిన్నెలో కేంద్రం నాలుగు రూపాయలు, రాష్ట్రం నాలుగు రూపాయలు. సమాఖ్య వ్యవస్థ అంటే ఏమిటో ఈ వయసులో కిచిడీ చూసి నేర్చుకున్నాను.

పట్టాభిషేకం నాడు తమరికి అప్పగించిన పని మాత్రం చిన్నది కాదు: 500 కెలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు. మా దగ్గర అంగన్‌వాడీ ఆయాను మరాఠీలో మదతనీస్ అంటాం. ఆమె నూనెను సీసా మూతతో కొలుస్తుంది. ఒకటిన్నర మూత పోసి, మూత లోపల వేలు తిప్పి, ఆ వేలిని గంటెకు రాస్తుంది. నెల మొదట్లో చెయ్యి జారిందా, నెలాఖరు కిచిడీకి నీళ్లే గతి.

తమరి అన్నగారు పన్నెండు రూపాయల వారి సంగతి మరీ విచిత్రం. ఆయన దర్శనం కావాలంటే పిల్ల బాగా చిక్కిపోయి తీవ్ర పోషకాహార లోపం కింద నమోదు కావాలి. కోలుకుంటే మళ్లీ తమరే. బాగుపడ్డందుకు రోజుకు నాలుగు రూపాయల జరిమానా అన్నమాట!

అబ్దుల్ కలాం గారి పేరిట 2015లో మొదలైన అమృత ఆహారం పథకం పుణ్యాన, గిరిజన ప్రాంతమని మా పిల్లలకు వారానికి నాలుగు రోజులు గుడ్డో అరటిపండో ఉంది. ఆ రోజుల్లో తమరి పరువు దక్కుతుంది. మిగతా రోజుల్లో మనవరాలు అంగన్‌వాడీ సేవికను "అండీ?" అని, నన్ను "గుడ్డేది తాతా?" అని అడుగుతుంది. రెండు భాషల్లోనూ జవాబు ఒకటే. ప్రాణహిత నది దాటితే తెలంగాణ. అక్కడి అంగన్‌వాడీలో గర్భిణికి గుడ్డుతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు. "కాన్పుకు జర ముందుగాల్నే మా అవ్వగారింటికి పోత మామా" అని మా కోడలు ఎందుకన్నదో అప్పుడు నాకు తట్టలేదు.

మాది తెలివితక్కువ జిల్లా అనుకోకండి. పసికందును ఇంటి దగ్గరే ఎట్లా కాపాడుకోవాలో లోకానికి చూపింది ఇక్కడే. అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ దంపతుల కృషితో 39 ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని లాన్సెట్ పత్రిక 1999లోనే అచ్చువేసింది. అట్లా బతికి బట్టకట్టిన పిల్లలు ఆర్నెల్లు నిండగానే తమరి చేతికి వస్తారు.

2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ చదువుతూ తమరిని సముచితంగా పెంచుతామన్నారు. ఎంతకో ఆ ప్రసంగంలో లేదు. అప్పటికే తమరికి ఏడేళ్లు దాటాయి. తమరి ఈడు కందిపప్పు, మంచినూనె ఎంతెంత ఎదిగాయో సంతకొస్తే తెలుస్తుంది.

వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల్ని మా సేవిక వేరుగా రాసుకుంటుంది. నెలకోసారి కొలతలు. తమరూ ఒకసారి వచ్చి నిలబడండి. చెప్పులు గుమ్మం బయటే విడవాలి, వాటితో కొలిస్తే ఆమె ఒప్పుకోదు.

ఇట్లు,
మూడున్నరేళ్ల పిల్ల తాత,
నాగేపల్లి