డాక్ మీ దగ్గరే ఉంచుకోండి

టీవీ లేనివాడికి టీవీకి తగిలించే డబ్బా ఎందుకు? ఇంత చిన్న ప్రశ్న మీద వీడియో ఆటల లోకపు పండితులు రెండు శిబిరాలుగా చీలి కత్తులు నూరుకుంటున్నారు. నింటెండో కంపెనీ ఆటల యంత్రం స్విచ్ 2కి ఒక చౌక తమ్ముడు, అంటే టీవీ జోలికి పోకుండా చేతిలో పట్టుకుని ఆడుకోవడానికే పనికొచ్చేవాడు, కావాలా వద్దా అన్నదే తగువు. కావాలనేవాళ్లు పిసినారులట. వద్దనేవాళ్లు సిద్ధాంతకర్తలట. ఇంట్లో టీవీకీ, దారిలో చేతికీ రెండింటికీ పనికిరావడమే ఆ యంత్రానికి ఆత్మ అనీ, ఒకటి కోసేస్తే ఆత్మ ఎగిరిపోతుందనీ వీళ్ల వాదం. ఆత్మ గురించి ఇంతగా బెంగపడేవాళ్ల ఇళ్లన్నింట్లో గోడంత టీవీ ఉండటం కేవలం కాకతాళీయమే అనుకుందాం.

ఈ వేదాంతాన్ని ఒకసారి తుర్కపల్లిలో దింపి చూద్దాం. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు పోతుంటే తగిలే ఊరు. ప్రపంచానికి జీనోమ్ వ్యాలీ, బస్సు కండక్టరుకు తుర్కపల్లి. టీకాల కంపెనీలు, మందుల ల్యాబులు, ఐకేపీ నాలెడ్జ్ పార్కు అన్నీ ఇక్కడిక్కడే. వాటిలో పనిచేసే పిల్లలు శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ బీఫార్మసీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పట్టాలు పట్టుకుని వచ్చినవాళ్లు. ఉప్పల్‌లోనో ఈసీఐఎల్‌లోనో ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు.

అలాంటి ఒక గదిలో ఉన్న ఆస్తుల చిట్టా ఇది: మూడు పరుపులు, ఒక రైస్ కుక్కరు, ఇండక్షన్ స్టవ్వు, కిటికీ చువ్వకూ తలుపు మేకుకూ కట్టిన తాడు, దాని మీద ఆరుతున్న తువ్వాళ్లు. టీవీ లేదు. ఎందుకు ఉంటుంది? సినిమా ఫోన్లో, క్రికెట్ ఫోన్లో, అమ్మ ఫోన్లో. కానీ ఆ గదిలో ఒక స్విచ్ ఉంది. డాలస్‌లో ఉండే బావ రెండేళ్లు ఆడుకుని, విసుగొచ్చి, పెళ్లికి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్లింది. దానితోపాటు టీవీకి తగిలించే డబ్బా, అదే డాక్, కూడా వచ్చింది. స్విచ్‌ను నిలబెట్టడానికి ఆ డాక్‌లో నిలువునా ఒక సందు ఉంటుంది చూశారూ, అందులో ఇప్పుడు కరెంటు బిల్లులు, అద్దె రసీదులు, గ్యాస్ పుస్తకం పొందికగా నిలబడి ఉన్నాయి. జపాను ఇంజినీర్లు ఎంత ముందుచూపుతో కొలతలు తీశారో గానీ, రసీదులు ఒక్కటీ పక్కకు ఒరగడం లేదు. హెచ్‌డీఎంఐ కేబులు కట్టిన కట్టు విప్పలేదు.

యంత్రం మాత్రం రోజూ ఆడుతుంది. ఎక్కడ? కంపెనీ బస్సులో. ఉప్పల్ నుంచో ఈసీఐఎల్ నుంచో ఎక్కినవాళ్లకు పొద్దున గంట పైన, సాయంత్రం గంటన్నర చేతిలో ఉంటుంది. టీకాకు కావలసినంత చలిని చంటిపాపలా చూసుకునే ఊరికి వెళ్లే బస్సులో ఏసీ ఉండదు, అది వేరే సంగతి. ఒళ్లో టిఫిన్ డబ్బా, భుజాన బ్యాగు, స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా తల పైకప్పుకు. ఇక్కడ అడగాల్సింది తెర 4కే చూపిస్తుందా అని కాదు, చేయి ఎంతసేపు మోయగలదని. పక్కల తగిలించే మీటలు, అంటే జాయ్‌కాన్లు, పెట్టిన స్విచ్ 2 బరువు 534 గ్రాములు. 2019లో వచ్చిన స్విచ్ లైట్, అంటే పాత స్విచ్‌కు చేతి రకం తమ్ముడు, 275 గ్రాములు. సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. తుర్కపల్లి బస్సులో సిద్ధాంతం ఏది గెలుస్తుందో మణికట్టు చెబుతుంది.

ఇక ధర. 2025 జూన్ 5న స్విచ్ 2 అమెరికాలో 449.99 డాలర్లకు దిగింది. అప్పటి మారకం లెక్కన 38 వేల పైమాట. అది లెక్క మాత్రమే, ఎందుకంటే ఆ రోజున దాన్ని అమ్మిన దేశాల జాబితాలో మనం లేము. 2017లో మొదటి స్విచ్ వచ్చినప్పుడూ లేము. నూట నలభై కోట్ల మందిలో ఆటలాడే చేతులు తగినన్ని లేవని క్యోటోలోని కంపెనీ ఆఫీసులో తేల్చినట్టున్నారు. కాబట్టి మనవాళ్లు కొనాలంటే అమెరికా బావ రావాలి, లేదా దుబాయ్ మీదుగా వచ్చిన సరుకు అమ్మే దుకాణానికి పోవాలి. సికింద్రాబాద్‌లో అలాంటి ఒక దుకాణంలో జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"అన్నా, గిది ఖరాబైతే ఎవలు జూస్తరు?"

"ఎందుకైతది తమ్మీ?"

"అయితేనో?"

"నేనున్న గద!"

"వారంటీ కాయితం?"

"నా మాటనే వారంటీ. తీస్కపో."

పైగా ఆట విడిగా కొనాలి. మారియో కార్ట్ వరల్డ్ 79.99 డాలర్లు, అంటే దాదాపు 6,900 రూపాయలు. ఇలా పంచుకునే గదిలో ఒకడి వాటా అద్దె కంటే మారియో గారి కారు అద్దె ఎక్కువ. ఇంకో ముచ్చట ఉంది: గేమ్ కీ కార్డు. డబ్బా కొంటారు, లోపల కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు. ఆటను ఇంటర్నెట్ నుంచి దించుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. నలుగురు ఒకే హాట్‌స్పాట్ మీద బతికే గదిలో ఆ తాళంచెవి జేబులో వేసుకుని, రోజువారీ డేటా ఎప్పుడు నిండుకుంటుందో చూస్తూ కూర్చోవాలి.

చౌక రకం చేయడం మా సంప్రదాయం కాదని మాత్రం కంపెనీ భక్తులు చెప్పకూడదు. చెబితే నవ్వొస్తుంది. ఆ ఇంటి పునాదే కోత మీద లేచింది. 1989లో గేమ్‌బాయ్ వచ్చినప్పుడు దానికి రంగులు లేవు, తెర వెనక వెలుతురు లేదు. గున్‌పే యొకోయి అనే ఇంజినీరు కావాలనే పాతబడిన, చౌకబడిన విడిభాగాలు ఏరి కూర్చాడు. నాలుగు పెన్సిల్ సెల్లులతో పది గంటలకు పైగా నడిచింది. పోటీగా సెగా వాళ్లు రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చారు. అది ఆరు సెల్లులు మింగి కొన్ని గంటల్లోనే కళ్లు తేలేసేది. ఎవరు గెలిచారో చరిత్ర. మన జాతరల్లో, సుల్తాన్ బజార్ తోపుడు బండ్ల మీద దొరికిన 9999 ఆటల బ్రిక్ గేమ్ కూడా అదే సూత్రం మీద బతికింది. 9999లో నాలుగైదే ఆటలు, మిగతావన్నీ వేగం పెంచినవే అని తెలిసి కూడా ఎవరం వెనక్కి ఇవ్వలేదు.

2013లో ఏం చేశారు? త్రీడీఎస్ అనే చేతి యంత్రానికి తెర లోతు కనపడే మాయే ప్రాణం అని రెండేళ్లు ఊదరగొట్టి, ఆ మాయనే తీసేసి, మడిచే కీలు కూడా పీకేసి, టూడీఎస్ అని పేరు పెట్టి 129.99 డాలర్లకు అమ్మారు. పేరులోంచి కూడా ఒక కొలత కోసేసిన ధైర్యం అది. ఆత్మ ఎగిరిపోలేదు. 2019లో టీవీకి తగిలించే వీలు తీసేసి లైట్ అన్నారు, 199.99 డాలర్లు. కోట్లలో అమ్ముడైంది. ఆత్మ అప్పుడూ పోలేదు.

అసలు తమాషా స్విచ్ 2లోనే ఉంది. 2025లో జపానులో దాన్ని రెండు రకాలుగా దించారు. అన్ని భాషలూ వచ్చేది 69,980 యెన్లు. జపనీస్ తప్ప మరేమీ రానిది 49,980 యెన్లు. లోపలి సరుకు ఒకటే. అంటే మనసు పడితే 20 వేల యెన్లు తగ్గించడం వీళ్లకు చేతనవుతుంది, తగ్గించేది ఎవరి కోసమన్నదే తేడా. సరే, మాకూ అలాగే ఇవ్వండి. తెలుగు తప్ప ఇంకేమీ రాని స్విచ్ 2 ఒకటి తుర్కపల్లి ధరకు దించండి. మారియో "నేనొచ్చేశానోచ్" అంటాడు. ఈ ఊరి నుంచి ఒక్క అభ్యంతరం కూడా రాదని హామీ.

లైట్ ఇంకా దొరుకుతోంది కదా అంటారు. దొరుకుతోంది. అప్పటికి ఆరేళ్లు నిండవస్తున్న ఆ యంత్రం ధరను 2025 ఆగస్టు 3న అమెరికాలో 229.99 డాలర్లకు పెంచారు. పాతబడేకొద్దీ ధర పెరగడం పాత బియ్యానికి విన్నాం; ఎలక్ట్రానిక్ సామాను కూడా ఆ కోవలో చేరింది.

అయితే చౌక అనగానే చంకలు గుద్దుకోకూడదు. చౌకలో రెండు రకాలున్నాయి. రెండూ మన హైదరాబాద్ చుట్టుపక్కలే పుట్టాయి. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విద్యార్థుల కోసం ఆకాశ్ టాబ్లెట్‌ను ఆవిష్కరించారు. ప్రపంచంలోకెల్లా చౌక అన్నారు. దాన్ని బిగించింది హైదరాబాద్‌లో. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ, వేలు ఆనిస్తే కాదు, గోటితో నొక్కితే కదిలే తెర. టాబ్లెట్ అంటే తాకేది, చదివేది. సరిగ్గా ఆ తాకడాన్నీ, చదవడాన్నీ కోసి ధర తగ్గించారు. పిల్లలు వాడేదాన్నే కోశారు. అది ఎక్కడికి పోయిందో దాని పేరే చెబుతుంది.

రెండోది తుర్కపల్లిదే. ఇక్కడి భారత్ బయోటెక్ రోటావ్యాక్ టీకాను 2013లో ప్రకటించినప్పుడు డోసు ఒక డాలరు అంది, అప్పటి లెక్కలో 54 రూపాయలు. పసిపిల్లలకు విరేచనాలు రాకుండా వేసే టీకా. మందు సగం పోసి ధర సగం చేయలేదు. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్ల మీద మూడో దశ పరీక్షలు జరిగాకే వచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి ఎక్కినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకాకూ ఆట సామానుకూ పోలికేమిటని ముక్కు విరిచేవాళ్లు విరవండి. నేను మాట్లాడుతున్నది కత్తి ఎక్కడ పెట్టాలన్న దాని గురించి.

స్విచ్ లైట్‌లో కత్తి సగం సరైన చోట, సగం తప్పు చోట పడింది. డాక్ తీసేశారు, మంచిదే. తెర 6.2 అంగుళాల నుంచి 5.5కు తగ్గింది, బస్సులో అది చాలు. కానీ జాయ్‌స్టిక్కు? ఎవరూ ముట్టకుండానే బొమ్మ దానంతటదే పక్కకు జరిగిపోయే రోగం మొదటి స్విచ్‌లో ఉంది. అమెరికాలో కోర్టుకెక్కింది. 2020లో కంపెనీ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వాటాదారుల ముందు ఇబ్బందికి చింతిస్తున్నామన్నాడు. పెద్ద స్విచ్‌లో ఆ రోగం వస్తే జాయ్‌కాన్ ఊడదీసి ఇంకోటి తగిలించుకోవచ్చు. లైట్‌లో అవి ఊడవు. రోగం మాత్రం అలాగే ఉంచి, మందు వేసుకునే దారి మూసేశారు. మూడు రెక్కల స్క్రూలు విప్పే పరికరం ఉన్న మొబైల్ మెకానిక్కు దొరికితే అదృష్టం. లేదంటే మీ మారియో ఎప్పటికీ ఎడమ పక్కకే నడుస్తాడు, అటు గొయ్యి ఉన్నా సరే. స్విచ్ 2లోనైనా అయస్కాంతాలతో పనిచేసే, అరిగిపోని రకం స్టిక్కులు పెట్టారా అంటే, పెట్టలేదని 2025 ఏప్రిల్‌లో కంపెనీయే చెప్పింది.

డాక్ తీసేస్తే ఇంకో లాభం ఉంది. టీవీకి బొమ్మ పంపేటప్పుడే చిప్ మరింత గస పెట్టి పరుగెత్తుతుంది. ఆ పరుగు లేకపోతే వేడి తగ్గుతుంది, ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. ఇక బ్యాటరీ. స్విచ్ 2లో అది రెండు నుంచి ఆరున్నర గంటలు వస్తుందని కంపెనీ మాట. ఈ రెండుకీ ఆరున్నరకీ మధ్య తేడా ఏ ఆట ఆడామన్న దాన్నిబట్టి. పెద్ద ఆటైతే పొద్దున బస్సుకే సరి, సాయంత్రానికి ల్యాబులో ఎవరూ చూడకుండా చార్జింగ్ పెట్టుకోవాలి.

ఫోన్ ఉండగా ఈ గోల ఎందుకనే పెద్దమనుషులూ ఉన్నారు. నిజమే, బస్సులో పదిమంది చేతుల్లోనూ ఫోనే, అందులో లూడో, ఫ్రీ ఫైర్ మాక్స్. ఉచితం. ప్రతి రెండు నిమిషాలకూ ఒక ప్రకటన, ప్రతి మూడు నిమిషాలకూ ఒక వజ్రాల పొట్లం కొనమని బతిమాలాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి 2017లోనే తెలంగాణ తలుపు వేసింది కాబట్టి గాని, లేకుంటే నెల జీతం తుర్కపల్లి చేరకముందే ఆటలో దిగిపోయేది. ఆట ఒకసారి కొంటే, మళ్లీ చేయి చాచకుండా ఆడనిచ్చే యంత్రం విలాసం కాదు. అదే అగ్గువ.

అందుకని నింటెండోకు మా తీర్పు: చేతి రకం చేయండి. డాక్ మీ దగ్గరే ఉంచుకోండి, మా రసీదులకు పిన్నులున్నాయి. తెర చిన్నదైనా సరే, 4కే అసలే వద్దు. స్టిక్కు మాత్రం అరగనిది పెట్టండి, అరిగితే ఊడదీసే వీలివ్వండి. ఈ దేశంలో బిల్లు ఇచ్చి, వారంటీ కాయితం ఇచ్చి అమ్మండి.

అంతదాకా ఆగలేక పాత లైట్ కొనబోతున్న పాఠకులకు ఒక్క మాట. డబ్బు చేతిలో పెట్టకముందు సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ల విభాగానికి వెళ్లి స్టిక్ కాలిబ్రేషన్ తెరవండి. స్టిక్కు ముట్టుకోకుండా చూడండి. గుర్తు మధ్యలో కదలకుండా నిలిస్తే బేరమాడండి. దానంతటది జరుగుతుంటే, అమ్మేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా, దండం పెట్టి బస్సెక్కేయండి.