కన్వీనర్ గారి దయ

ప్రతి అపార్టుమెంటులోనూ ఒక కన్వీనర్ గారుంటారు. ఏ కమిటీకి కన్వీనరని అడగకూడదు. కమిటీ తర్వాత పుడుతుంది. షెల్టర్ నుంచి కుక్కను తెచ్చి పెంచుకునేదీ ఆయనే, కమ్యూనిటీ హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టించేదీ ఆయనే. జనం వీటిని రెండు పిచ్చులనుకుంటారు గానీ పిచ్చి ఒకటే. అడిగే దిక్కులేనిది ఏది కంటబడినా దానికో చోటు చూపించేదాకా ఆయనకు అన్నం సయించదు. ఆ చోటు సాధారణంగా మన గుమ్మం ముందే ఉంటుంది.

కావాలంటే సాక్ష్యం చూడండి. లాబ్రడార్ పిల్లనైతే డబ్బు పారేస్తే ఇస్తారు. షెల్టర్ వాళ్లు అలా కాదు, పిల్లనిచ్చేవాళ్లలా ఆరా తీస్తారు: సొంతిల్లా అద్దిల్లా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇంత పరీక్ష నెగ్గి తెచ్చిన కుక్క సోఫా కిందికి దూరి బయటికి రాదు. కొత్త ఇంటికి అలవాటు పడడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెబుతారు. కన్వీనర్ గారు దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి అపార్టుమెంటు మొత్తాన్నీ ఓపిక పట్టమంటారు. ఆ జీవికి చీపురంటే భయం కాబట్టి, ఊడ్చే మనిషి ఆయన అంతస్తులో చీపురును కొంగు చాటున దాచుకుని నడవాలి. ప్రదర్శన వరసా ఇదే. వేసవి సెలవుల్లో పిల్లలు గీసి, తల్లులు బీరువా మీద పడేసిన బొమ్మలన్నీ ఏరుకొస్తారు. సగం వినాయకుళ్లు, తక్కిన సగం రెండు కొండల మధ్య సూర్యుడు. (హైదరాబాదు పిల్లలకు ఆ కొండలు ఎక్కడ కనబడ్డాయో!) కొత్తగా రంగులేసిన గోడకు మేకు కొట్టొద్దని అసోసియేషన్ పట్టు. టేపుతో అంటిస్తే ముఖ్య అతిథి వచ్చేలోగా ఊడి పడతాయి. దీపం వెలిగించాలంటే ఫ్యాన్లు ఆపాలి, ఫ్యాన్లు ఆపితే జనం లేచిపోతారు. అంతా అయ్యాక బొమ్మలు తిరిగి తీసుకెళ్లడానికి ఒక్కరూ రారు. అవి వాచ్‌మన్ గదికి చేరతాయి.

ఇదంతా పేరు కోసమేనంటారు కొందరు. నమ్మబుద్ధి కాదు. పేరు కావలసినవాడు తెల్లవారకముందే పాత పేపరు పట్టుకుని కుక్క వెనక వంగి నడవడు. రెండో అభ్యంతరం గట్టిది: దయ ఆయనది, చాకిరీ మనదా? దీనికి ఆయన చట్టం తీస్తారు. సభ్యులంతా కలిసి తీర్మానించినా సరే, పెంపుడు కుక్కలను నిషేధించకూడదనీ, లిఫ్టు ఎక్కనివ్వకపోవడం కుదరదనీ జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలైతే వీధికుక్కల తిండికి ఏర్పాట్లు చూడడం కూడా నివాసుల సంఘాల బాధ్యతేనన్నాయి. ఈ కాగితాలన్నీ ఆయన దగ్గర లామినేషన్‌తో సహా సిద్ధం. టీకాలు వేయించాలి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది రానివ్వకూడదు అని ఆ మండలే యజమానులకు కూడా చెప్పింది. ఆ పేజీకి లామినేషన్ జరగలేదు.

అయినా ఒకటి ఒప్పుకోక తప్పదు. పక్క ఫ్లాటులో ఎవరుంటారో ఎరగనివాళ్లు ఆయన్ని తిట్టుకోవడానికైనా లిఫ్టు దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు. ఈసారి ఆయన్నే సెక్రటరీని చేస్తే పోలా అనే మాటా అక్కడే పుడుతుంది. చేయవచ్చు. మెయింటెనెన్స్ డబ్బు మాత్రం ఇంకొకరి చేతిలో ఉండాలి, లేకపోతే లిఫ్టు రిపేరు సొమ్ముతో వినాయకుళ్లకు ఫ్రేములు కట్టిస్తారు.